పెద్ద పురుగుకు ఒక పేరు, పిల్ల పురుగుకు ఇంకో పేరు చెబుతున్న కీ: దేన్ని నమ్మాలి?

అలలోపల:
ఒకే చోట, ఒకే రోజు తీసిన సముద్రపు బురద. అర మిల్లీమీటరు జల్లెడలో మిగిలిన నీరీస్ కుటుంబపు పురుగులన్నీ ఒకే పళ్లెంలో నా ముందు ఉన్నాయి. వేలెడు పొడవున్నవి కీలో (లక్షణాలను మెట్టు మెట్టుగా అడిగి పేరు చెప్పే పట్టికలో) తిన్నగా పెరినీరిస్ అనే ప్రజాతి దగ్గరకు వెళ్లి ఆగుతున్నాయి, వాటితో పేచీ లేదు. మధ్యరకం వాటికి గ్రసని (బయటికి చాచగల గొంతు గొట్టం) మీద 1వ ప్రాంతంలో పళ్లే కనబడటం లేదు, దాంతో కీ వాటిని వేరే దారి పట్టిస్తోంది. ఇక ఒకటి రెండు మిల్లీమీటర్ల పిల్లలు 'తల దగ్గర నాలుగు జతల సిర్రస్‌లు' (మీసాల లాంటి పోగులు) అనే మొదటి మెట్టులోనే ఆగిపోతున్నాయి. కొన్నింటికి మూడు జతలే ఉన్నాయి.

ఇవి మూడు జాతులా, ఒకే జాతికి మూడు వయసులా? జాబితాలో ఎన్ని వరసలు పెట్టాలి? పెద్ద పురుగులను చూసి రాసిన కీ అయితే ఆ మాట పైన ఒక వాక్యంలో చెప్పవచ్చు కదా. ఎక్కడా లేదు. కోపంతోనే అడుగుతున్నాను.

కొంకి:
వయసులే అయి ఉంటాయి. మూడు జాతులు ఒకే చోట, ఒక్కొక్కటి ఒక్కో సైజులో మాత్రమే దొరకడం ఎక్కడైనా ఉందా?

తీరరేఖ:
ఉండవచ్చు. ఒక జాతి పిల్లలు పెట్టే కాలం, ఇంకో జాతి పిల్లలు పెట్టే కాలం వేరైతే ఒకే రోజు నమూనాలో ఒకటి పెద్దగా, ఇంకొకటి చిన్నగా దొరుకుతుంది. సైజు ఒక్కటే చూసి తేల్చకండి.

పాతకటకం:
మొదట పిల్లల సంగతి చెబుతాను, దానికి సమాధానం తేలిక.

ఈ పురుగుల్లో కొత్త ఖండాలు పుట్టేది తోక చివర, పుచ్ఛఖండానికి (తోక కొస ముక్కకు) సరిగ్గా ముందున్న పట్టీలో. అంటే తల వెనుక ఉన్నవి పాత ఖండాలు, తోక దగ్గరవి నిన్న మొన్నటివి. నీరీస్ పిల్ల ముందు మూడు శూకఖండాలతో (పక్కల శూకాలు, అంటే బిరుసు పోగులు ఉన్న ఖండాలతో) తిరుగుతుంది, తర్వాత వెనుక ఒక్కొక్కటే చేరుతాయి. ఇలా నాలుగైదు ఖండాలు వచ్చాక ఒక విచిత్రం జరుగుతుంది. అన్నింటికంటే ముందున్న శూకఖండం తన శూకాలను రాల్చేసి, పార్శ్వపాదాల (పక్కన కాళ్లలా ఉండే భాగాల) రూపం పోగొట్టుకుని, తలలో కలిసిపోతుంది. దాని సిర్రస్‌లు తల సిర్రస్‌ల లెక్కలోకి వస్తాయి. ఆ మార్పు పూర్తయ్యేదాకా నాలుగు జతలు ఉండవు. మీ పళ్లెంలోని మూడు జతల పిల్లలు ఆ మలుపు ఇంకా దాటనివి.

ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ మలుపు దాటగానే ఖండాల అంకెలన్నీ ఒకటి వెనక్కి జరుగుతాయి. మలుపుకు ముందు 'మూడో శూకఖండం' అని మీరు రాసుకున్నది తర్వాత రెండోదవుతుంది. రెండు పురుగులనూ అదే అంకెతో పోలిస్తే పోలిక తప్పుతుంది.

అలలోపల:
పాతకటకం గారు, ఇది చదివాక ఒక పిల్లను మళ్లీ గాజు పలక మీద పెట్టాను. తల వెనుక ఒక వైపు సిర్రస్ అడుగున రెండు సన్నటి శూకాలు ఇంకా అంటుకుని ఉన్నాయి, రెండో వైపు రాలిపోయాయి. సరిగ్గా మలుపు మధ్యలో ఉన్న పిల్ల! ఫొటో తీశాను. మరి మధ్యరకం వాటి సంగతి? వాటికి నాలుగు జతలూ ఉన్నాయి, పళ్లే లేవు.

పాతకటకం:
గ్రసని మీది పళ్లు ఒకేసారి మొలవవు. 1 నుంచి 8 దాకా ప్రాంతాలు గుర్తించి ఒక్కో ప్రాంతంలో ఎన్ని పళ్లు, ఏ ఆకారంలో అని లెక్కపెట్టే పద్ధతి పెద్ద పురుగులకు బాగా పనికొస్తుంది. పిల్లల్లో చాలా ప్రాంతాలు ఖాళీగా ఉంటాయి, ఉన్నచోట కూడా సంఖ్య తక్కువ. అందుకే 'పళ్లు లేవు' అనే కీ మెట్టును చిన్న పురుగుకు వాడటం ప్రమాదం. ఉన్న లక్షణం సాక్ష్యమవుతుంది. లేని లక్షణం పెద్ద పురుగులోనే సాక్ష్యం.

నాలుగోఅక్షరం:
ఆఖరి మాటను అన్ని కీల అట్టల మీదా అచ్చు వేయించాలి.

శూకధారి:
నీరీస్ వాళ్లు అదృష్టవంతులు, గొడవ జాతి దగ్గరే ఆగుతోంది. కాపిటెల్లిడే కుటుంబానికి రండి, ప్రజాతే మారిపోతుంది.

అక్కడ ప్రజాతులను విడదీసే ముఖ్య ఆధారం ఛాతీ భాగంలో ఎన్ని ఖండాలకు వెంట్రుక లాంటి శూకాలు, ఎన్నింటికి ముసుగు కొంకులు (కొస మీద ముసుగున్న కొక్కెం లాంటి శూకాలు) అన్నది. నోటోమాస్టస్‌లో పదకొండుకు పదకొండూ వెంట్రుక శూకాలే. హెటిరోమాస్టస్‌లో మొదటి అయిదు వెంట్రుకలు, 6 నుంచి 11 దాకా కొంకులు. మీడియోమాస్టస్‌లో మొదటి నాలుగు, తర్వాత ఆరు కొంకులు. కాగితం మీద ఎంతో శుభ్రంగా ఉంటుంది. పెద్దయ్యాక వెంట్రుకలుండే ఖండాల్లో కొన్నింటికి పిల్ల వయసులో కొంకులే ఉంటాయి, పెరిగేకొద్దీ అవి రాలి వెంట్రుకలు వస్తాయి. అంటే ఒక ప్రజాతి పిల్ల ఇంకో ప్రజాతి సూత్రంతో తిరుగుతుంది. పిల్లలను చూసి కొత్త ప్రజాతులు కట్టిన సందర్భాలు ఈ కుటుంబంలో లేకపోలేదు.

ఒకే ఖండంలో కొంకులు, వెంట్రుకలు కలిసి కనిపిస్తే అది కొత్త జాతి అని ఎగిరి గంతేయకండి. అది మారుతున్న ఖండం.

బురదనేస్తం:
నా కళ్లు పోతున్నది స్పియానిడ్‌లు అనే ఇంకో కుటుంబపు పురుగులతో. ముసుగు కొంకులు ఏ ఖండంలో మొదలవుతాయన్నది అక్కడ పెద్ద లక్షణం. పురుగు పెరిగేకొద్దీ ముందు ఖండాల్లోని కొంకులు పోతాయి, మొదలయ్యే చోటు వెనక్కి జరుగుతుంది. తల వెనుక వీపు మీద సాగే కారంకిల్ చిన్నప్పుడు పొట్టిగా ఉంటుంది, పెద్దయ్యేకొద్దీ వెనక ఖండాల మీదకు సాగుతుంది. పిల్లల్లో కనిపించే కళ్లు కొన్ని పెద్దవాటిలో కనిపించవు. కీలో 'కళ్లు ఉన్నాయి / లేవు', 'కారంకిల్ మూడో ఖండం దాకా / అయిదో ఖండం దాకా' అని చదివినప్పుడల్లా, ఏ సైజు పురుగులో బాబూ అని అడగాలనిపిస్తుంది.

తీరరేఖ:
మారెంజెల్లేరియా అనే స్పియానిడ్ ప్రజాతి గొడవ అదే కదా. 1985లో బాల్టిక్ సముద్రంలో కనిపించి అక్కడ బాగా పాకింది. ఒకే జాతి వచ్చిందనుకున్నారు. తర్వాత చూస్తే ఒకటి కాదు. సికోర్స్కీ, బిక్ అనే పరిశోధకులు 2004లో నెగ్లెక్టా అనే జాతిని వేరుగా వర్ణించారు. విరిడిస్, ఆర్క్టియా కూడా అక్కడ ఉన్నాయి. వీటిని రూపంతో విడదీసే లక్షణాలు సైజుతో పాటు జరిగేవే, చిన్నవాటికి అసలు పనిచేయవు. అందుకే అక్కడి పనివాళ్లు చిన్న పురుగులను ప్రజాతి పేరు దగ్గర ఆపేస్తారు, లేదా డీఎన్ఏకు పంపుతారు.

కొంకి:
అయితే నా మాటే నిలిచింది. సైజు తేడాలే అన్నీ. మూడింటినీ ఒకే పేరు కింద కలిపేయండి, ప్రశాంతంగా ఉంటుంది.

నాలుగోఅక్షరం:
లేదు కొంకి గారు, ఈ మాటను గట్టిగా కాదనాలి. 'పెరుగుదల తేడా' అనే మూట విప్పి అందులో అన్నింటినీ పడేయడం వల్ల జరిగిన నష్టం తక్కువేమీ కాదు.

కాపిటెల్లా కాపిటాటా అని ప్రపంచమంతా ఒకే పేరు రాసుకున్నారు. 1976లో పరిశోధకులైన గ్రాసెల్ దంపతులు చూస్తే ఆ పేరు కింద ఆరు జాతులు తేలాయి. పైకి చూస్తే తేడా తెలియదు, ఎంజైములు వేరు, గుడ్డు సైజు వేరు, డింభకం బతికే తీరు వేరు. ప్రయోగశాలల్లో ఏళ్ల తరబడి పెంచిన వాటిలో ఒకదానికి 2009లో గానీ కాపిటెల్లా టెలెటా అనే సొంత పేరు రాలేదు.

మార్ఫైసా సాంగ్వినియా ఇంకో ఉదాహరణ. మాంటేగు 1813లో ఇంగ్లండ్ తీరపు పురుగును వర్ణించాడు. ఆ తర్వాత ప్రపంచంలో ఏ తీరంలో దొరికినా అదే పేరు. మొప్పలు మొదలయ్యే ఖండం ఇక్కడ ఇంత, అక్కడ అంత అని కనబడినా 'సైజును బట్టి మారుతుంది లెండి' అనుకున్నారు. సైజును బట్టి మారడం నిజమే. దాని మాటున చాలా జాతులు దాక్కున్నదీ నిజమే. ఇప్పుడు ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి.

కాబట్టి విడదీయడం ఎంత తప్పు కావచ్చో కలపడమూ అంతే తప్పు కావచ్చు.

కొంకి:
సరే, ప్రశాంతత వెనక్కి తీసుకుంటున్నాను. మరి కలపాలో విడదీయాలో తేల్చుకునేది ఎలా? 'రెండూ తప్పు కావచ్చు' అంటే పళ్లెంలో పురుగులు అలాగే ఉంటాయి కదా.

శూకధారి:
ఒకే వెడల్పు ఉన్న పురుగులను పోల్చండి. ఇదే నా సమాధానం, ఎవరు అడిగినా.

పదో శూకఖండం దగ్గర ఒళ్లు ఎంత వెడల్పుందో కొలవండి, పార్శ్వపాదాలను, శూకాలను వదిలేసి. అడ్డగీత మీద వెడల్పు, నిలువుగీత మీద మీరు అనుమానించే లక్షణం: మొప్పలు మొదలయ్యే ఖండం, 3వ ప్రాంతంలో పళ్ల సంఖ్య, ఏదైనా. చిన్నవీ మధ్యవీ పెద్దవీ ఒకే వాలు మీద వరుసగా పడితే అది పెరుగుదల. అదే వెడల్పు దగ్గర చుక్కలు రెండు గుంపులుగా విడిపోయి, మధ్యలో ఖాళీ మిగిలితే అక్కడ రెండు జాతులున్నాయని అనుమానించాలి. పెద్దదాన్నీ చిన్నదాన్నీ పక్కపక్కన పెట్టి 'తేడా ఉంది' అనడంలో అర్థం లేదు, తేడా ఉండకపోతేనే ఆశ్చర్యపోవాలి.

జల్లెడ:
వెడల్పే ఎందుకో నేను చెబుతాను. మొత్తం పొడవు కొలిచి రాసిన పట్టికలు చూస్తే బాధేస్తుంది. ఫార్మలిన్‌లో పడగానే పురుగు ముడుచుకుంటుంది. ఒకటి సగం ముడుచుకుంటే ఇంకొకటి పూర్తిగా ముడుచుకుంటుంది. పైగా సగం పురుగులకు తోక ఉండదు, జల్లెడలో తెగిపోతుంది. తోక తెగి మళ్లీ పెరుగుతున్న పురుగైతే ముందు సగం ముదురు, వెనుక సగం లేత. మొత్తం ఖండాల సంఖ్యకు అర్థమే పోతుంది.

జల్లెడ కన్ను గురించి కూడా ఒక మాట. పురుగు జల్లెడలో మిగలడం, జారిపోవడం అన్నది దాని పొడవును బట్టి కాదు, వెడల్పును బట్టి. సన్నటి పిల్ల తల ముందు పెట్టి దూరిపోతుంది. ఒక మిల్లీమీటరు జల్లెడ వాడిన పాత జాబితాలో పిల్లలు దాదాపు కనబడవు. అర మిల్లీమీటరు వాడిన కొత్త జాబితాలో గుంపులుగా కనబడతాయి. రెండింటినీ పక్కన పెట్టి 'జాతులు పెరిగాయి' అని రాసేవాళ్లున్నారు. పెరిగింది పిల్లల వాటా.

బురదనేస్తం:
పురుగులు బతికుండగానే మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణంలో కాసేపు మత్తుగా పడుకోబెట్టి ఆ తర్వాత ఫార్మలిన్ పోస్తే ముడుచుకోవడం బాగా తగ్గుతుంది. గ్రసని బయటికి వచ్చి నిలబడితే పళ్లు చూడటానికి కోయాల్సిన పని కూడా ఉండదు.

గొట్టంవాసి:
గొట్టాల్లో బతికే సెర్ప్యులిడ్‌ల తరఫున నేను. గొట్టం నోటిని మూసే మూత మీది అలంకారాన్ని చూసి హైడ్రాయిడిస్ ప్రజాతిలో జాతులు విడదీస్తాం. కింద గరాటు, దాని మీద ముళ్ల వలయం. పిల్లకు వచ్చే తొలి మూత మీద ఆ వలయం ఉండదు. పెద్దయ్యేకొద్దీ గరాటు అంచు పళ్ల సంఖ్య కూడా పెరుగుతుంది. ఇంకా చిక్కేమిటంటే పెద్ద పురుగుకు కూడా పనిచేసే మూత పక్కన చిన్న మొగ్గ మూత ఒకటి ఉంటుంది. పెద్దది తెగిపోతే మొగ్గ ఎదిగి దాని స్థానంలోకి వస్తుంది. ఆ ఎదిగే రోజుల్లో పట్టుకుంటే ముదురు పురుగుకు అరకొర మూత కనిపిస్తుంది. కాబట్టి వయసొక్కటే కాదు, దెబ్బ తగిలి మానుతున్న అవయవం కూడా పిల్ల లక్షణంలా కనిపిస్తుంది.

అలలోపల:
గొట్టంవాసి గారు చెప్పింది కొత్త సంగతి నాకు. తెగి మళ్లీ వచ్చిన భాగాలను ఎలా పట్టుకోవాలి?

గొట్టంవాసి:
రంగు పలచగా ఉంటుంది, ఖండాలు హఠాత్తుగా ఇరుకవుతాయి. ముందు భాగానికీ దానికీ మధ్య గీత గీసినట్టు తెలుస్తుంది. అలాంటిది కనబడితే ఆ భాగం లెక్కలు రాయకండి.

పాతకటకం:
పేర్ల చరిత్ర చూస్తే మనకు కొంచెం ఊరట కలుగుతుంది. ఇది పెద్ద పెద్ద వాళ్లను తిప్పలు పెట్టిన విషయం.

నీరీస్ జాతులు కొన్ని గుడ్లు విడిచే సమయానికి ఒళ్లంతా మార్చుకుంటాయి. కళ్లు ఉబ్బి పెద్దవవుతాయి, ఒంటి వెనుక భాగంలో పార్శ్వపాదాలు వెడల్పాటి తెడ్లవుతాయి, పాత శూకాలు పోయి ఈతకు పనికొచ్చే పలకల శూకాలు వస్తాయి. బురదలో బతికే పురుగు నీటిపైకి ఈదుతుంది. ఆ రూపాన్ని చూసి ఎర్స్టెడ్ 1843లో హెటిరోనీరిస్ అని వేరే ప్రజాతే కట్టాడు. ఇప్పుడు ఆ మాట పాఠ్యపుస్తకాల్లో ఒక దశ పేరుగా మిగిలింది. ఆటోలైటస్ అనే ఇంకో పురుగులో ఇంకా ఘోరం. తోక వైపు నుంచి విడిపోయి ఈదే సంతాన భాగాల్లో మగదానికి పాలీబోస్ట్రికస్ అని, ఆడదానికి సాకోనీరిస్ అని రెండు ప్రజాతులు. తల్లి పురుగుతో కలిపి ఒకే జీవికి మూడు ప్రజాతి పేర్లు.

డింభకాల కథ సరేసరి. యోహానెస్ మ్యూలర్ 1846లో ఆక్టినోట్రోకా అని ఒక కొత్త జంతువును వర్ణించాడు. అది ఫోరోనిస్ అనే గొట్టపు పురుగు డింభకమని 1867లో కొవలేవ్‌స్కీ పెంచి చూపించేదాకా తెలియలేదు. పెంచి చూడటం తప్ప అప్పట్లో దారి లేదు. ఇప్పటికీ అంతకు మించిన రుజువు లేదని నా నమ్మకం.

నాలుగోఅక్షరం:
ఆఖరి వాక్యం తప్ప అన్నీ ఒప్పుకుంటాను. పెంచాలంటే సముద్రపు నీళ్లు, తిండి, నెలల ఓపిక కావాలి. లోతు సముద్రపు పురుగును ఎవరు పెంచగలరు? ఒక పార్శ్వపాదం కోసి డీఎన్ఏ తీస్తే పిల్లా, పెద్దా ఒకటేనా అన్నది తేలిపోతుంది. మిగతా పురుగు సీసాలో భద్రంగా ఉంటుంది.

పాతకటకం:
తేలేది ఎప్పుడు? పోల్చడానికి కావాల్సిన డీఎన్ఏ వరుసక్రమం సరైన పేరుతో డీఎన్ఏ భండారంలో ఉన్నప్పుడు. అక్కడ పేరు పెట్టింది కూడా ఇదే కీ చూసి కదా. తప్పు పేరుతో చేరిన వరుసక్రమం ఒకటి ఉంటే దాన్ని చూసి ఇంకొకరు, వారిని చూసి మరొకరు.

నాలుగోఅక్షరం:
భండారాన్ని అడగనే వద్దు. అలలోపల గారి పళ్లెంలోనే పెద్దవీ మధ్యవీ పిల్లలూ ఉన్నాయి. ఒక్కో సైజు నుంచి కొన్నింటిని తీసి ఒకదానితో ఒకటి పోల్చుకుంటే చాలు. ఒకే జాతి అయితే సీఓఐ జన్యువు దాదాపు ఒకేలా వస్తుంది, వేరే జాతి అయితే పెద్ద తేడా కనిపిస్తుంది. పేరు తర్వాత మాట, ముందు ఒకటా రెండా అన్నది తేలుతుంది. ఈ పురుగుల్లో సీఓఐ ఒక్కోసారి మొండికేస్తుంది, అప్పుడు 16ఎస్ అనే ఇంకో జన్యువును ప్రయత్నించాలి.

ఒక షరతు మాత్రం ఉంది. ఫార్మలిన్‌లో నానిన పురుగు నాకు దాదాపు పనికిరాదు. 95 శాతం ఆల్కహాల్‌లో నేరుగా వేసినవి కావాలి.

పాతకటకం:
ఇలా అయితే నాకు అభ్యంతరం లేదు. పెద్ద పురుగును రూపంతో గుర్తించాలి, పిల్లను పెద్దదానితో డీఎన్ఏ ద్వారా కలపాలి. కానీ ఆల్కహాల్‌లో వేసినవి పెళుసెక్కి శూకాలు రాలిపోతాయి, వాటితో రూపం చూడటం కష్టం. నమూనాను రెండుగా పంచి ఒకటి ఫార్మలిన్‌లో, ఒకటి ఆల్కహాల్‌లో వేయమనండి.

నాలుగోఅక్షరం:
సరిగ్గా అదే. రెండు సీసాలకూ ఒకే అంకె.

తీరరేఖ:
రూపం మీద నమ్మకం ఉన్నవాళ్లు, డీఎన్ఏ మీద నమ్మకం ఉన్నవాళ్లు ఒకే చర్చలో ఒప్పుకోవడం చూశాను. ఈ పేజీని దాచుకుంటున్నాను.

పొలుసుకీటకం:
పొలుసు పురుగుల గురించి ఎవరూ చెప్పలేదు. వీపు మీది పొలుసుల జతల సంఖ్య ప్రజాతికి పెద్ద గుర్తు: లెపిడోనోటస్‌కు 12 జతలు, హార్మతోయికి 15. పిల్లకు ఖండాలే తక్కువ కాబట్టి పొలుసులూ తక్కువ. 12 దగ్గర ఉన్న హార్మతోయి పిల్లను లెపిడోనోటస్ అని రాసేయవచ్చు. తోక దగ్గర చిన్నవిగా, ఇంకా ఏర్పడుతున్న ఖండాలు కనిపిస్తే అది సగం దారిలో ఉందని అర్థం. పొలుసు ఊడిపోయినా దాని మొదలు మచ్చలా ఉంటుంది, ఆ మచ్చలను లెక్కపెట్టండి.

కొంకి:
టెరెబెల్లిడ్ కుటుంబపు పురుగులు కూడా అంతే కదా? మూడు జతల మొప్పలున్నవాటి పిల్లలకు ముందు ఒక జతే వస్తుందని విన్నాను.

పొలుసుకీటకం:
అవును, ఒక్కో జతా తర్వాత చేరుతుంది. మొప్పల జతలతో ప్రజాతి తేల్చే కీ పిల్లను తిన్నగా తప్పు ప్రజాతికి పంపుతుంది.

బురదనేస్తం:
ఇంతవరకూ పిల్లను పెద్దదనుకునే ప్రమాదం గురించే మాట్లాడుకున్నాం. తిరగేసి చూడండి: ముదురు పురుగును పిల్ల అనుకునే ప్రమాదం. ఇసుక రేణువుల మధ్య బతికే చిన్న పురుగుల్లో కొన్ని జాతులు పిల్ల రూపంలోనే గుడ్లు పెట్టే వయసుకు వస్తాయి. ఆర్బినిడే కుటుంబంలో ప్రోటోఅరిసియినే అని ఒక ఉపకుటుంబమే ఉండేది. ఖండాలు తక్కువ, ఒళ్లు చిన్నది. డీఎన్ఏ చూస్తే అవి విడిగా ఒక గుంపు కానే కావు, మిగతా ఆర్బినిడ్‌ల మధ్యలోనే పడుతున్నాయి. పిల్ల రూపంలో ఆగిపోయిన పెద్దలు.

పరీక్ష ఒకటే, ఒంట్లో గుడ్లు ఉన్నాయా లేదా. గుడ్లుంటే అది పిల్ల కాదు, సైజు ఎంతైనా సరే.

శూకధారి:
ఓఫ్రియోట్రోకా అనే ప్రజాతిలో అది కూడా తిరకాసే. ఆ పురుగు పెరిగేకొద్దీ దవడల పళ్లను రాల్చి కొత్తవి కట్టుకుంటుంది. కొన్ని జాతుల్లో చిన్నప్పుడు పీ రకం దవడ, పెద్దయ్యాక కే రకం. దవడ రకాన్ని చూసి జాతులు విడదీస్తే ఒకే పురుగు రెండు చోట్ల పడుతుంది. పైగా పుయెరిలిస్ అనే జాతిలో చిన్నప్పుడు మగ, ఖండాలు పెరిగాక ఆడ. వెనక ఖండాలు కోసేస్తే మళ్లీ మగ అవుతుంది. గుడ్లు లేవు కాబట్టి పిల్ల అనే నియమం అక్కడ పనిచేయదు, వీర్యం కోసం కూడా చూడాలి.

బురదనేస్తం:
ఒప్పుకుంటున్నాను. గుడ్లో వీర్యమో అని సవరించి చదవండి.

గొట్టంవాసి:
మగదాని మాట వచ్చింది కాబట్టి ఒసెడాక్స్. చనిపోయిన తిమింగలాల ఎముకల మీద బతికే ఈ పురుగులను 2004లో వర్ణించారు. ఎముకలోకి వేర్లు దించి కనిపించేవి దాదాపు అన్నీ ఆడవే. మగవి చాలా జాతుల్లో సూక్ష్మదర్శినిలో తప్ప కనబడనంత చిన్నవి, డింభకం రూపంలోనే ఆగిపోయి ఆడదాని గొట్టంలో ఉంటాయి. పక్కపక్కనే చూసినా ఒకే జాతి అని ఎవరూ అనుకోరు. రిఫ్టియా అనే గొట్టపు పురుగుది ఇంకో తీరు: పెద్దదానికి నోరూ పేగూ ఉండవు, పిల్లకు ఉంటాయి. నోరు లేని జంతువు పిల్లకు నోరుందంటే కీ ఏం చేయగలదు?

జల్లెడ:
ఇవన్నీ బాగున్నాయి. నా బాధ జాబితాతోనే. నీటి నాణ్యత చూసే సూచీల్లో ప్రతి పేరుకూ ఒక గుంపు ఉంటుంది. ఆంబీ అనే సూచీలో అయిదు గుంపులు, కాపిటెల్లా ఆఖరి గుంపులో, అంటే కాలుష్యం తట్టుకుని దాన్ని ఆసరా చేసుకుని పెరిగేవాటిలో. ఒక పిల్ల నోటోమాస్టస్‌ను కాపిటెల్లా అని రాస్తే సూచీ జరుగుతుంది. పిల్లలు గుంపుగా దిగే కాలంలో అలాంటివి పదుల్లో ఉంటే, శుభ్రమైన చోటు కూడా పాడైన చోటుగా లెక్కలోకి ఎక్కుతుంది. ఆ లెక్క చూసి నిర్ణయాలు తీసుకునేవాళ్లకు పురుగు వయసు తెలియదు. అందుకే దీన్ని చిన్న విషయమని వదిలేయలేను.

తీరరేఖ:
అలాగని పిల్లలను లెక్కలోంచి తీసేస్తారా? ఆ చోటు పిల్లలు దిగే చోటన్న సమాచారమే పోతుంది.

జల్లెడ:
తీసేయను. 'నీరీడిడే (నీరీస్ కుటుంబం), పిల్లలు' అని విడి వరసలో రాస్తాను. జాతుల సంఖ్యలో కలపను, పురుగుల సంఖ్యలో కలుపుతాను. పిల్లలకు ఓటు హక్కు లేదు గానీ జనాభా లెక్కలో ఉంటారు.

తీరరేఖ:
ఇది నాకు నచ్చింది. 'జాతి 1, జాతి 2' అని అంకెలు వేసి పెంచేవాళ్లకంటే ఎంతో నయం.

శూకధారి:
ఆ వరస పక్కన వెడల్పు కూడా రాయండి, చిన్నదెంత, పెద్దదెంత అని. జాతి వర్ణనలు రాసేవాళ్లు కూడా ఒక్క మూల నమూనా (జాతి పేరుకు ఆధారంగా దాచిన పురుగు) కొలతలు ఇచ్చి ఊరుకోకుండా, దొరికిన పిల్లలన్నింటి కొలతలూ ఇవ్వాలి. పత్రిక నిడివి పెరుగుతుందని తీసేయమంటారు. తీసేయకూడదు. 'మొప్పలు 26వ ఖండం నుంచి' అనే వాక్యానికి 'ఇంత వెడల్పున్న పురుగులో' అనే ముక్క తోడు లేకపోతే అది సగం వాక్యం.

అలలోపల:
వెడల్పులు కొలిచి గీత గీశాను. 3వ ప్రాంతంలో పళ్ల సంఖ్య, 4వ ప్రాంతంలో పళ్ల సంఖ్య విడివిడిగా. పెద్దవీ మధ్యరకమూ ఒకే వాలు మీద పడ్డాయి, మధ్యలో ఖాళీ లేదు. కొంచెం పెద్ద మధ్యరకం ఒకదానిలో 1వ ప్రాంతంలో ఒక్క పన్ను, చర్మం కింద లేతగా, ఇంకా నల్లబడకుండా కనిపించింది. అది చూశాక మధ్యరకం మీద నాకు సందేహం లేదు. వాటిని పెరినీరిస్ వరసలో కలుపుతున్నాను.

పిల్లలు మాత్రం అలా పడలేదు. చాలావరకు వాలు కింది చివరన చక్కగా ఉన్నాయి. కొన్ని మాత్రం అదే వెడల్పు దగ్గర దూరంగా, వేరే గుంపుగా ఉన్నాయి. వీటికి నాలుగు జతల సిర్రస్‌లు ఉన్నాయి, మలుపు దాటినవే. గ్రసని మీద పళ్లు కోన్ల ఆకారంలో లేవు. మరీ చిన్నవి, దగ్గరదగ్గరగా, నాకు మురికిలా కనిపిస్తున్నాయి.

శూకధారి:
మురికి కాకపోవచ్చు. గ్రసనిని కోసి తెరిచి, గ్లిజరిన్‌లో పరిచి, కింది నుంచి వెలుతురు వేసి చూడండి. సన్నటి కడ్డీలు దువ్వెన పళ్లలా వరుసలు కట్టి ఉన్నాయా?

అలలోపల:
వరుసలే. 4వ ప్రాంతంలో ఒకదాని కింద ఒకటి, మూడు నాలుగు వంకర వరుసలు. మురికి కాదు.

పాతకటకం:
అయితే అది ప్లాటినీరిస్ అనే ప్రజాతి. పిల్ల వయసులో కూడా ఆ వరుసలు ప్రజాతిని పట్టిస్తాయి. జాతి పేరు మాత్రం రాయకండి. అందులో డ్యూమెరిలై, మాసిలియెన్సిస్ అనే జాతులు రెండూ రూపంలో ఒకటే, పిల్లలను కనే తీరులోనే తేడా. రెండోది మొదట మగగా ఉండి తర్వాత ఆడదవుతుంది, గుడ్లను గొట్టంలో పెట్టుకుని కాపాడుతుంది. ఇంత చిన్న పిల్లను చూసి అది ఎవరూ చెప్పలేరు.

నాలుగోఅక్షరం:
ఆల్కహాల్ సీసాలో ఆ గుంపు పిల్లలు ఏమైనా ఉన్నాయా?

అలలోపల:
ఉన్నాయి, నాలుగైదు. పెద్దది మాత్రం ఒక్కటీ లేదు.

నాలుగోఅక్షరం:
పరవాలేదు, తీసి పెట్టండి. ముందు పెరినీరిస్ పిల్లలతో కలవడం లేదని చూద్దాం. వచ్చే కాలం నమూనాలో పెద్దది దొరికితే దానితో పోల్చవచ్చు. అప్పటిదాకా 'ప్లాటినీరిస్, పిల్లలు', పక్కన వెడల్పు.